ఫ్రాంక్లిన్ కౌన్సిల్ నుంచి ట్రెంటన్ దాకా: చివుకుల గారి దారిలో ఇవాళ నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పిస్కాటవే పాఠకుడు

ఉపేంద్ర చివుకుల గారు నెల్లూరులో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, న్యూయార్క్ సిటీ కాలేజీలో మాస్టర్స్ చేశారు. ఆ తర్వాత న్యూజెర్సీ అసెంబ్లీకి ఎన్నికైన తొలి భారతీయ అమెరికన్ అయ్యారు. ఇంతవరకు అందరికీ తెలుసు. సంఘాల సావనీర్లలో వచ్చే వ్యాసాలు మాత్రం ఏ ఏడాది ఏ పదవి అన్న పట్టికతోనే ఆగిపోతాయి. ఒక మెట్టు మీదనుంచి పై మెట్టుకు ఆయన్ని ఎక్కించింది ఏమిటి? రెండుసార్లు కాంగ్రెస్‌కి నిలబడితే ఎందుకు అందలేదు? వలస వచ్చిన కుటుంబంలోని మనిషి ఇవాళ న్యూజెర్సీలో అదే దారి పట్టాలంటే మొదటి అడుగు ఎక్కడ వేయాలి? పొగడ్తలు అక్కర్లేదండీ, పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: రారిటన్ ఒడ్డు

మంచి ప్రశ్న. ఆయన ప్రస్థానం అర్థం కావాలంటే ప్రతి మెట్టు దగ్గరా ఒక్కటే చూడాలి: అక్కడ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

1997లో ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌లో అడుగుపెట్టారు. 1998లో డిప్యూటీ మేయర్, 2000లో మేయర్. ఫ్రాంక్లిన్‌ది కౌన్సిల్-మేనేజర్ పద్ధతి. రోజువారీ పాలన జీతం మీద పనిచేసే మేనేజర్ చూసుకుంటాడు, కౌన్సిల్ బడ్జెట్లు, ఆర్డినెన్సులు చూస్తుంది. అలాంటి ఊళ్లో పేరు రావాలంటే జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న) గొడవలు, రోడ్లు, పన్ను రేటు, వీటిమీద కాగితాలు చదివి మాట్లాడటమే దారి. వృత్తిరీత్యా ఆయన ఇంజనీరు. అది ఇక్కడ పనికొచ్చింది, రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో ఇంకా ఎక్కువ పనికొచ్చింది.

2001 అసలు మలుపు. జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాల గీతలు మారాయి. 17వ నియోజకవర్గంలో రాష్ట్ర సెనేటర్ జాన్ లించ్ తప్పుకున్నారు, అసెంబ్లీ సభ్యుడు బాబ్ స్మిత్ ఆ సెనేట్ సీటుకి వెళ్లారు. రెండో అసెంబ్లీ సభ్యుడు జెర్రీ గ్రీన్ కొత్త గీతల ప్రకారం 22వ నియోజకవర్గంలో పడ్డారు. అంటే రెండు అసెంబ్లీ సీట్లూ ఒకేసారి ఖాళీ. న్యూ బ్రన్స్విక్, పిస్కాటవే, ఫ్రాంక్లిన్ లాంటి ఊళ్లున్న ఆ నియోజకవర్గం డెమొక్రాట్లకు గట్టి పట్టున్న చోటు. కాబట్టి పార్టీ టికెట్ దొరికితే గెలుపు చాలావరకు ఖాయం. మిడిల్‌సెక్స్ కౌంటీ వైపు నుంచి జోసెఫ్ ఈగన్, సోమర్‌సెట్ కౌంటీ వైపు నుంచి చివుకుల. సీటు ఖాళీ అయ్యే సమయానికి ఫ్రాంక్లిన్‌లో అప్పటికే మేయర్‌గా చేసిన మనిషి సిద్ధంగా ఉన్నాడు. పార్టీకి భౌగోళిక సమతూకం కూడా కుదిరింది. కూర్చున్న సభ్యుడి మీద పోటీకి దిగి ఉంటే ఈ కథ ఇలా ఉండేది కాదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. అసెంబ్లీలో ఉంటూనే 2005 దాకా కౌన్సిల్ సభ్యుడిగానూ కొనసాగారు. అప్పట్లో రెండు ఎన్నికైన పదవులు ఒకేసారి ఉండొచ్చు. 2008 ఫిబ్రవరి 1 నుంచి కొత్తవాళ్లకు ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు ట్రెంటన్‌కి గెలిస్తే ఊళ్లో కుర్చీ వదులుకోవాల్సిందే.

ట్రెంటన్‌లో టెలికమ్యూనికేషన్స్, యుటిలిటీస్ కమిటీకి అధ్యక్షుడయ్యారు. 2010 జనవరిలో చట్టమైన సోలార్ బిల్లు ఆయన ముందుండి నడిపిందే. డిప్యూటీ స్పీకర్‌గా కూడా చేశారు. ఎవరూ పెద్దగా ఆశపడని కమిటీలో ఏళ్ల తరబడి కూర్చుని విషయం మీద పట్టు తెచ్చుకోవడం నెమ్మదైన పద్ధతే, కానీ అదే ఆయన్ని 2014లో కరెంటు, గ్యాస్ లాంటి సేవలను నియంత్రించే పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకి చేర్చింది. ఆ నియామకం చేసింది రిపబ్లికన్ గవర్నర్ క్రిస్ క్రిస్టీ. బోర్డులో అయిదుగురు కమిషనర్లు, ఆరేళ్ల పదవీకాలం. ఒకే పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదని చట్టం. అందుకే ఏ గవర్నర్ అయినా అవతలి పార్టీలో ఆ రంగం తెలిసినవాళ్ల కోసం చూడక తప్పదు.

కాంగ్రెస్ సంగతి. 2012లో 7వ నియోజకవర్గంలో లియోనార్డ్ లాన్స్ మీద నిలబడ్డారు. అది రిపబ్లికన్ మొగ్గున్న చోటు, పైగా కూర్చున్న సభ్యుడు. లాన్స్‌కి 57 శాతం, ఈయనకు 40 శాతం ఓట్లు వచ్చాయి. 2014 వేరే రకం. రష్ హోల్ట్ తప్పుకోవడంతో 12వ నియోజకవర్గం ఖాళీ అయింది, డెమొక్రాటిక్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నిక) గెలిస్తే చాలు. కానీ ఆ నియోజకవర్గం నాలుగు కౌంటీల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. ఈయనకు సోమర్‌సెట్ పార్టీ మద్దతు దొరికింది. మిడిల్‌సెక్స్ మద్దతు లిండా గ్రీన్‌స్టీన్‌కి, మెర్సర్, యూనియన్‌లది బానీ వాట్సన్ కోల్మన్‌కి. సోమర్‌సెట్ ముక్క చిన్నది. సుమారు 22 శాతం ఓట్లతో మూడో స్థానం. 2001లో ఆయన్ని ఎక్కించిన భౌగోళికమే 2014లో అడ్డం తిరిగింది.

జవాబు: ఓటర్ల జాబితా

పైవారు చెప్పిన "పార్టీ మద్దతు" అంటే కాగితం మీద ఏమిటో చెబుతాను. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

2014 నాటి ప్రైమరీ బ్యాలట్ కళ్లముందు ఊహించుకోండి. కౌంటీ పార్టీ బలపరిచిన వాళ్లందరూ ఒకే నిలువు వరుసలో ఉంటారు: పైన కాంగ్రెస్ లేదా సెనేట్ అభ్యర్థి, కింద కౌంటీ, ఇంకా కింద మీ ఊరి కౌన్సిల్. ఓటరు వేలు పై నుంచి కిందకి జారుతుంది, అన్నీ నొక్కేస్తుంది. మద్దతు లేని అభ్యర్థి పేరు రెండు మూడు ఖాళీ గడులు దాటాక, ఎక్కడో కుడిపక్క ఒంటరిగా కనిపిస్తుంది. దీన్నే "కౌంటీ లైన్" అనేవారు. 21 కౌంటీల్లో 19 ఇలాగే అచ్చువేసేవి. కొరియా నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు ఆండీ కిమ్ అమెరికా సెనేట్‌కి పోటీచేస్తూ కోర్టుకెక్కితే, 2024 మార్చి 29న ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురైషీ ఆ ఏటి డెమొక్రాటిక్ ప్రైమరీకి దాన్ని ఆపేశారు. 2025లో చట్టమే మారింది. ఇప్పుడు ఒక్కో పదవికి ఒక్కో గడి, అందులో పోటీదారుల పేర్లన్నీ ఒకచోటే.

దీంతో కౌంటీ ఛైర్మన్ మాటకు విలువ పోయిందనుకుంటే పొరపాటు. మద్దతు ప్రకటన, కార్యకర్తలు, డబ్బు అన్నీ అక్కడే ఉన్నాయి. తగ్గింది బ్యాలట్ మీద ఉన్న తేరగా వచ్చే లాభం మాత్రమే.

అసలు మొదటి మెట్టు కౌంటీ కమిటీ. ప్రతి పోలింగ్ డిస్ట్రిక్ట్‌కి, అంటే వెయ్యి మందికి అటూ ఇటూ ఉన్న ఓటర్లకి, ఒక్కో పార్టీ తరఫున ఇద్దరు సభ్యులుంటారు. జూన్ ప్రైమరీలోనే ఎన్నిక. చాలాచోట్ల ఈ సీట్లు ఖాళీగా పడి ఉంటాయి. పేరు రాసి వేసిన కాసిని ఓట్లతో గెలిచేవాళ్లున్నారు. జీతం లేదు, బోర్డు మీద పేరు లేదు. కానీ అధికారం ఎక్కడ పనిచేస్తుందో చూడండి:

పార్టీ గుర్తు మీద ఎన్నికలు జరిగే ఊళ్లో కౌన్సిల్ సభ్యుడు మధ్యలో తప్పుకుంటే, ఆ పార్టీ మునిసిపల్ కమిటీ 15 రోజుల్లో మూడు పేర్లు ఇస్తుంది. కౌన్సిల్ 30 రోజుల్లో వాటిలోంచి ఒకరిని ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే కమిటీయే నేరుగా నింపేస్తుంది. అసెంబ్లీ సీటు ఖాళీ అయినా అంతే, ఆ నియోజకవర్గంలోని కమిటీ సభ్యులు 35 రోజుల్లో సమావేశమై ఓటేస్తారు. 2014లో చివుకుల గారు యుటిలిటీస్ బోర్డుకి వెళ్లగానే ఆ సీటు ఫ్రాంక్లిన్‌కే చెందిన జో డేనియల్సన్‌కి వచ్చింది సరిగ్గా ఈ పద్ధతిలోనే. మామూలు ఓటరు ఆ రోజు ఓటు వేయలేదు.

కాబట్టి మొదటి పని: కౌంటీ క్లర్క్ దగ్గర మీ డిస్ట్రిక్ట్ నంబరు తెలుసుకుని, ఆ కమిటీ సీట్లో ఎవరున్నారో చూడండి. పార్టీ నమోదు కూడా ముందే సరిచూసుకోవాలి. ఒక పార్టీలో నమోదై ఉండి ఇంకో పార్టీకి మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే ఫారం అందాలి. ఏ పార్టీ లేనివాళ్లు ప్రైమరీ రోజు పోలింగ్ బూత్‌లోనే చేరొచ్చు.

జవాబు: ఏడో కుర్చీ

కమిటీతో పాటే చేయాల్సిన పని మరొకటి ఉంది: జోనింగ్ బోర్డు లేదా ప్లానింగ్ బోర్డులో నియామకం. ఓట్లు అక్కర్లేదు, మేయరో కౌన్సిలో నియమిస్తారు. ఊరి వెబ్‌సైట్లో "బోర్డులు, కమిషన్లు" కింద దరఖాస్తు ఉంటుంది. నవంబరులో పెడితే జనవరి తొలి సమావేశంలో జరిగే నియామకాలకు అందుతుంది. ఫిబ్రవరిలో పెడితే ఏడాది పోయినట్టే.

జోనింగ్ బోర్డులో ఏడుగురు సభ్యులు, నాలుగేళ్ల పదవీకాలం, నలుగురి దాకా ప్రత్యామ్నాయ సభ్యులు. ముందు ప్రత్యామ్నాయ సభ్యుడిగానే అడగండి, దానికి పోటీ తక్కువ. చేరాక 18 నెలల్లోపు భూవినియోగ చట్టం మీద నిర్బంధ శిక్షణ పూర్తిచేయాలి. చేయకపోతే సీటు పోతుంది, ఇది చాలామంది మరిచిపోయేది.

అక్కడ నేర్చుకునేది మరెక్కడా దొరకదు. ఉదాహరణకి, ఇళ్ల మధ్య గోదాము కడతామని ఒకరు వస్తారు. అది స్థల వినియోగాన్నే మార్చే వేరియన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) కాబట్టి ఏడుగురిలో అయిదు ఓట్లు కావాలి. ఆ రాత్రి హాలు నిండా పొరుగువాళ్లు. "ట్రాఫిక్ పెరుగుతుంది" అని అందరూ అంటారు. బోర్డు మాత్రం ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యం మీదే తీర్పు చెప్పాలి. అప్పుడు లారీల లెక్క అడిగి, డ్రైనేజీ పటం తిప్పించి, నిపుణుణ్ణి నాలుగు సూటి ప్రశ్నలు వేసిన సభ్యుణ్ణి ఆ హాల్లోని జనం గుర్తుపెట్టుకుంటారు. ప్రచారానికి వెళ్లినప్పుడు ఆ ఇళ్లే తలుపు తీస్తాయి. సాక్ష్యం వినకముందే బయట ఎక్కడో "నేను దీనికి వ్యతిరేకం" అని రాస్తే మాత్రం ఆ కేసులో కూర్చునే అర్హత పోతుంది, తీర్పు కూడా కోర్టులో చెల్లకపోవచ్చు.

జవాబు: బ్లూ ఇంకు

పైవాళ్లు స్కూల్ బోర్డు మాట ఎత్తలేదు. నా ఉద్దేశంలో వలస కుటుంబాలకు అదే సూటి దారి. పార్టీ గుర్తు లేదు, ప్రైమరీ లేదు, కమిటీ దయ అక్కర్లేదు. మూడేళ్ల పదవీకాలం, జీతం లేదు. పౌరసత్వం, ఓటరు నమోదు, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఏడాది నివాసం ఉండాలి. నవంబరు ఎన్నికకి నామినేషన్ జులై చివరి సోమవారం సాయంత్రం 4 గంటలలోపు కౌంటీ క్లర్క్ ఆఫీసులో పడాలి. ఫెడరల్ ఉద్యోగులకు హ్యాచ్ చట్టం పార్టీ ఎన్నికల్లో నిలబడనివ్వదు, కానీ పార్టీల్లేని స్కూల్ బోర్డుకి నిలబడొచ్చు.

నామినేషన్ కోసం ఓటర్ల సంతకాలు పెట్టించే పిటిషన్లు ఎక్కడ చెడతాయంటే ఇంటి గుమ్మంలోనే. భర్త సంతకం పెట్టి, "మా ఆవిడ పడుకుంది, ఆమెది కూడా నేనే పెడతా" అంటారు. పెట్టనిచ్చారో, ఆ సంతకం పోయినట్టే. కాగితం తిప్పిన మనిషి ప్రతి సంతకం తన కళ్లముందే పడిందని ప్రమాణం చేస్తాడు కాబట్టి పేజీ మొత్తం మీద అనుమానం పడుతుంది. రెండోది, పోయిన ఏడాది ఇల్లు మారి ఓటరు నమోదులో పాత చిరునామా ఉన్నవాళ్లు. మూడోది మనవాళ్లలో చాలా ఎక్కువ: గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్లు ప్రేమకొద్దీ సంతకం చేసేస్తారు. వాళ్లు ఓటర్లు కారు, అది లెక్కకు రాదు. ఓటర్ల జాబితా అచ్చు చేతిలో పెట్టుకుని, పేరు చూశాకే పెన్ను ఇవ్వండి. కావలసినదానికి రెట్టింపు సంతకాలు తెండి. ఎన్ని కావాలో ఆ ఏటి అభ్యర్థుల కిట్‌లో (నామినేషన్ కాగితాల కట్టలో) చూడండి, ఈమధ్య చట్టం మారింది కాబట్టి పాత సంఖ్య నమ్మొద్దు. గడువు రోజున వెళ్లకండి, వారం ముందు వెళ్తే తప్పు దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

పేరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఓటరు నమోదులో ఇంటిపేరుతో కలిపి నాలుగు పదాల పేరు ఉండి, పిటిషన్ మీద పొట్టి పేరు రాస్తే అభ్యంతరానికి చోటిచ్చినట్టే. యార్డ్ బోర్డు మీద ఏ పేరు వేస్తారో బ్యాలట్ మీద కూడా అదే ఉండేట్టు చూసుకోండి.

పిస్కాటవే పాఠకుడు

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. రెండు అనుమానాలు. మనవాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎక్కువ, వాళ్లు సాయం చేయొచ్చా? గుడిలో, తెలుగు సంఘం పండగల్లో ప్రచారం చేసుకోవచ్చా?

జవాబు: ఓటర్ల జాబితా

డబ్బు విషయంలో గీత స్పష్టంగా ఉంది. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 వాళ్లు ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం, స్కూల్ బోర్డు నుంచి రాష్ట్రపతి దాకా అన్ని ఎన్నికలకూ వర్తిస్తుంది. "మీ పేరు మీద రాయండి, ఆ డబ్బు నేను ఇచ్చేస్తా" అన్నట్టు ఒకరి డబ్బు ఇంకొకరి పేరున ఇప్పించడం నేరం. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా పనిచేయడానికి మాత్రం వీసాతో పనిలేదు: ఫోన్లు చేయొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. ఖర్చు మాత్రం వాళ్ల జేబులోంచి పెట్టకూడదు. నిధులు ఎలా సేకరించాలి, ఎలా ఖర్చుపెట్టాలి అన్న నిర్ణయాల్లోనూ వాళ్లు ఉండకూడదు.

ఇంకో ప్రమాదం మోటార్ వెహికిల్ ఆఫీసులో ఉంది. లైసెన్సు పనిమీద వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరులు కానివాళ్లు తొందరలో "అవును" నొక్కితే తర్వాత పౌరసత్వ దరఖాస్తు దగ్గర అది మెడకు చుట్టుకుంటుంది. ప్రచారంలో ఓటర్లను నమోదు చేయించేవాళ్లు ముందు పౌరసత్వం అడిగి తీరాలి. నమోదుకి గడువు ఎన్నికకి 21 రోజుల ముందు.

సంఘాలు, గుళ్లు చాలావరకు 501సీ3 సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు. ఆ హోదా ఉన్న సంఘం ఒక అభ్యర్థిని బలపరచకూడదు, సంఘం ఈమెయిల్ జాబితా ఊరికే ఇచ్చేయకూడదు. పోటీలో ఉన్నవాళ్లందరినీ పిలిచి సమాన సమయం ఇచ్చే చర్చా వేదిక పెట్టొచ్చు. ఉగాది సభలో వేదిక ఎక్కించి శాలువా కప్పి "వీరికే ఓటు" అన్నారంటే సంఘానికే ఇబ్బంది. అభ్యర్థి గుడికి భక్తుడిగా రావడానికి అడ్డమేమీ లేదు.

ఖాతాల సంగతి: డబ్బు తీసుకోకముందే విడిగా బ్యాంకు ఖాతా, కోశాధికారి ఉండాలి. న్యూజెర్సీ ఎన్నికల కమిషన్, మనం ఎలెక్ అంటాం, దానికి డీ1 ఫారం ఇవ్వాలి. ఖర్చు తక్కువ పరిమితిలోపే ఉంటే ఏ1తో సరిపోతుంది. లేదంటే ఎన్నికకి 29 రోజుల ముందు, 11 రోజుల ముందు, అయ్యాక 20 రోజులకి నివేదికలు. విరాళం ఇచ్చినవాళ్ల వృత్తి, పనిచేసే చోటు రాయకుండా చెక్కులు జమచేసుకుని చివర్లో వెతుక్కోవడం మామూలుగా జరిగే తప్పు. చెక్కుతో పాటే చీటీ నింపించుకోండి. ప్రభుత్వ కాంట్రాక్టులున్న కన్సల్టింగ్ కంపెనీ యజమానులు చెక్కు రాసేముందు అలాంటివాళ్ల విరాళాలకు హద్దు పెట్టే పే టు ప్లే నిబంధన చూసుకోవాలి, ఉన్న కాంట్రాక్టుకే ఎసరు రావచ్చు.

జవాబు: రారిటన్ ఒడ్డు

స్కూల్ బోర్డు సూటి దారి అన్న మాట సగమే ఒప్పుకుంటాను. గెలవడానికి సూటిదే. పైకి వెళ్లడానికి కాదు. న్యూజెర్సీలో స్కూల్ బోర్డులో ఉంటూ మేయర్ లేదా కౌన్సిల్ పదవిలో ఉండకూడదు, కాబట్టి అది వదిలితేనే ఇది. భార్యో భర్తో అదే డిస్ట్రిక్ట్‌లో టీచరైతే ఉపాధ్యాయుల ఒప్పందం మీద మాట్లాడే, ఓటేసే హక్కు ఉండదు. మూడేళ్లలో అతిముఖ్యమైన ఓటే చేజారుతుంది.

దాడులకు కూడా సిద్ధపడాలి. 2017లో ఎడిసన్ స్కూల్ బోర్డు ఎన్నికలో జెర్రీ షీ, ఫాల్గుణి పటేల్ ఫొటోల మీద "డిపోర్ట్" అని ముద్రవేసిన కార్డులు ఇళ్లకు వచ్చాయి. పంపినవాళ్ల పేరు లేదు. అదే నవంబరులో హోబోకెన్‌లో సిక్కు అభ్యర్థి రవి భల్లాని ఉగ్రవాదితో పోల్చిన కరపత్రాలు కార్ల అద్దాల మీద పెట్టారు. ముగ్గురూ గెలిచారు. భల్లా అప్పటికి ఎనిమిదేళ్లుగా కౌన్సిల్‌లో ఉన్న మనిషి, ఓటర్లు ఆయన్ని కొత్తగా చూడటం లేదు. కరపత్రం వచ్చాక పరిచయం చేసుకోవడం మొదలుపెడితే ఆలస్యం.

అన్ని దారులూ ఒకటి కావు. విన్ గోపాల్ 2012 నుంచి మన్మత్ కౌంటీ పార్టీ ఛైర్మన్‌గా చేసి, 2017లో కూర్చున్న రిపబ్లికన్ రాష్ట్ర సెనేటర్‌ని ఓడించారు. ఎడిసన్‌లో సామ్ జోషి కౌన్సిల్ నుంచి 2021లో మేయర్‌గా గెలిచారు. వేరే రాష్ట్రాల మాటెత్తితే హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ గారు మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో సివిల్ ఇంజనీరు. 2010లో మేరీల్యాండ్ డెలిగేట్ అయ్యారు, 2018 కాంగ్రెస్ ప్రైమరీలో సొంత డబ్బు కోట్లలో పోసిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు, 2022లో వెస్ మూర్‌తో జంటగా నిలబడి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. చివుకుల గారిలాగే ఇంజనీరు, ఆయనలాగే కాంగ్రెస్ దగ్గర ఆగారు. ఇద్దరికీ తర్వాతి తలుపు తెరిచింది అప్పటిదాకా పెంచుకున్న విషయ పరిజ్ఞానం, పరిచయాలు.

జవాబు: ఏడో కుర్చీ

ఓట్ల లెక్క ఒక్కటి కలుపుతాను. అసెంబ్లీ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి, రాష్ట్రపతి పేరు బ్యాలట్ మీద ఉండదు. మనవాళ్లలో చాలామంది నాలుగేళ్లకోసారే ఓటేస్తారు. ఓటర్ల జాబితాలో ఎవరు ఏ ఎన్నికలో ఓటేశారో ఉంటుంది, ఎవరికి వేశారో ఉండదు. గత మూడు జూన్ ప్రైమరీల్లో ఓటేసినవాళ్లను విడదీయండి, ఊరిని బట్టి అది ఆశ్చర్యపోయేంత చిన్న జాబితా. వాళ్లలో తెలుగు పేర్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. కాబట్టి మొదట తట్టాల్సింది ఆ జాబితాలోని ప్రతి తలుపూ, పేరు ఏ భాషదైనా సరే. మనవాళ్ల కోసం వేరే పని పెట్టుకోండి: ఎన్నికకి నెలన్నర ముందే మెయిల్ బ్యాలట్ దరఖాస్తు చేయించడం. దసరా, దీపావళి ప్రయాణాల్లో ఉన్నా ఓటు పడుతుంది. ఆ దరఖాస్తు పోస్టులో పంపితే ఎన్నికకి 7 రోజుల ముందే క్లర్క్ ఆఫీసుకి చేరాలి. బ్యాలట్ కవరు మీద సంతకం నమోదులో ఉన్న సంతకంతో కలవాలి, తెలుగులో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి సంతకం చేసే పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పండి. కలవకపోతే ఇంటికి ఉత్తరం వస్తుంది, దాన్ని పడేయకుండా నింపి పంపితే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది.